చార్జి ఇచ్చేయమన్నారు

పోయిన నెల మా చెల్లెలి కూతురు కరెంటు శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరింది. చేరిన సాయంత్రమే నాకు ఫోన్ చేసింది. "మామా, చార్జి తీసుకున్నా" అంది. మంచిదమ్మా అన్నాను. సెక్షన్ ఎట్లుంది, మనుషులు ఎట్లున్నారు అని అడుగుతుండగానే, "మామా, సెల్లులో చార్జి అయిపోతాంది, రేపు చేస్తా" అని పెట్టేసింది.

ఫోన్ పక్కన పెట్టి శానాసేపు కూర్చున్నాను. ఒకే నిమిషంలో ఒకే మాటను రెండు అర్థాలతో వాడింది. తనకు ఆ సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరం మామూలు మనుషులకు లేదు. మా ఉద్యోగంలో మాత్రం ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ పిల్లకూ, ఆ పిల్లలాగే కొత్తగా సబ్‌స్టేషన్ గేటు దాటి లోపలికి వచ్చే వాళ్లకూ.

కర్నూలు బస్టాండులో చార్జి అంటే టికెట్టు ధర. పోలీసుల నోట చార్జి అంటే లాఠీ. కోర్టులో చార్జి అంటే మోపిన నేరం. ఆఫీసులో చార్జి తీసుకోవడమంటే కుర్చీలో కూర్చోవడం. మా సబ్‌స్టేషన్‌లో లైను చార్జి చేయడమంటే, చచ్చి పడున్న తీగలోకి పదకొండు వేల వోల్టులు వదలడం. ఇంగ్లీషు వాళ్లు ఒక్క మాటను ఇన్ని పనులకు ఎందుకు పెట్టుకున్నారో నాకు తెలియదు. మనం తెచ్చుకునేటప్పుడు అన్ని అర్థాలనూ కలిపి తెచ్చుకున్నాం. విడదీసి చెప్పే ఓపిక మాత్రం తెచ్చుకోలేదు.

నాది కోడుమూరు. మా నాయనకు ఎరువులు, విత్తనాల అంగడి ఉండేది. శెట్టిగారి కొడుకు అంగట్లో కూర్చోకుండా స్తంభాల వెంట తిరుగుతాడా అని మా వాళ్లు నవ్వారు. కర్నూలులో డిప్లొమా చదివి సబ్ ఇంజనీరుగా చేరాను. మా ఊరి చుట్టుపక్కలా, ఆలూరు వైపూ, కొన్నేళ్లు కడప జిల్లాలోనూ పనిచేసి రిటైరయ్యాను. ఎప్పుడు ఏ పదవి వచ్చింది, ఎవరు ఏ బదిలీ చేశారు అన్నవి ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు. నాకు పని నేర్పింది ఒక మాట, ఆ మాట చుట్టూ ఉన్న నలుగురు మనుషులు.

పరుగెత్తని పెద్దాయన

ముందు నవ్వు వచ్చే సంగతి చెబుతాను.

ఒక ఎండాకాలం కరెంటు సరిగా రాక రైతులు మా సబ్‌స్టేషన్ మీదికి వచ్చారు. తప్పు వాళ్లది కాదు. మిరప తోటలు కళ్ల ముందే వాడిపోతున్నాయి. బోరులో నీళ్లు ఉన్నాయి, పైకి తెచ్చే కరెంటు లేదు. గేటు దగ్గర నిలబడి అరుస్తున్నారు. ఒక ఎస్సై, నలుగురైదుగురు కానిస్టేబుళ్లు వచ్చి అడ్డంగా నిలబడ్డారు. ఎవరూ ఎవరినీ కొట్టే ఉద్దేశంలో లేరు. ఎండకు అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయంతే.

నేను గేటు లోపల రైతులకు సర్ది చెబుతున్నాను. అంతలో పైనుంచి సరఫరా వచ్చింది. మా ఆపరేటర్ మాబు కంట్రోల్ రూం కిటికీలోంచి గట్టిగా అరిచాడు.

"సార్, వచ్చె! చార్జి చేసేదా?"

నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. చెయ్యి పైకెత్తి అంతకంటే గట్టిగా అరిచాను. "చెయ్, చెయ్! చార్జి చెయ్!"

గేటు అవతల జనం పరుగో పరుగు. చెప్పులు వదిలి కొందరు, తువ్వాళ్లు వదిలి కొందరు, కోడుమూరు రోడ్డు మీద దుమ్ము లేచిపోయింది. ఎస్సై వెనక్కి తిరిగి నన్ను తినేసేట్టు చూశాడు. "ఎవరయ్యా నువ్వు చార్జి ఆర్డరు ఇచ్చేదానికి?"

ఒక్క పెద్దాయన మాత్రం కదల్లేదు. గేటు పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. "నాకు పరుగెత్త చేతకాదప్పా. కొట్టేదుంటే కొట్టండి. మోకాళ్లు మాత్రం వదిలిపెట్టండి" అన్నాడు.

చార్జి అంటే లాఠీ కాదు, నీ బోరుకు కరెంటు వచ్చిందని నేను వివరించేసరికి ఆయన మొహం చూడాలి. "ఆ మాట తెలుగులో చెప్పరాదా నాయనా? కరెంటు వచ్చె అంటే మేం ఈడనే కూచుందుము కదా" అన్నాడు.

ఎస్సై కూడా నవ్వేశాడు. ఆ కథ మా డివిజన్ అంతా తిరిగింది. సమావేశాల్లో చెప్పించుకుని మరీ నవ్వుకునేవారు. నవ్వుకున్నాం, వదిలేశాం. ఇన్నేళ్ల తర్వాత నా తీర్పు ఏమిటంటే, ఆ పెద్దాయన మాటను మేం సలహాగా తీసుకోవాల్సింది. హాస్యంగా తీసుకున్నాం. మా శాఖలో ప్రతి పెద్ద ప్రమాదానికీ ముందు ఒక చిన్న నవ్వులాట ఉంటుంది. పిల్లలూ, నవ్వండి, కాని నవ్విన సంగతిని మాత్రం వదలకండి.

ఈశ్వరరెడ్డి సారు

అప్పుడు మా సెక్షన్‌కు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, ఈశ్వరరెడ్డి సారు. పత్తికొండ వైపు పెద్ద వ్యవసాయ కుటుంబం. మూడు సెక్షన్ల బరువూ ఆయన మీదే. ఒకటి సొంతం, రెండిటికి ఇన్‌చార్జి. మనిషి మంచివాడు. లైన్‌మన్ బిడ్డకు జ్వరమొస్తే తన జీపు ఇచ్చి పంపేవాడు. వానలో మేం తడుస్తుంటే తనూ తడిసేవాడు.

ఆయనకు ఒక్కటే అలవాటు. ఎదుటి మనిషి మాట పూర్తి కాకముందే జవాబు ఇచ్చేవాడు. "ఇచ్చేయ్", "కానీ", "చూసేయ్", "పంపేయ్". అన్నీ ఒక్క మాట ఆజ్ఞలే. మేం దాన్ని చురుకుదనం అనుకునేవాళ్లం. నేను కూడా మెచ్చుకున్నాను. పై అధికారి ఆలోచిస్తూ కూర్చుంటే పని జరగదని చిన్న వయసులో అనిపిస్తుంది. ఇప్పుడు చెబుతున్నాను, పనిలో రెండు రకాల పై అధికారులు ఉంటారు. అడగ్గానే జవాబు చెప్పేవాళ్లు, అడిగిందేమిటో ముందు వినేవాళ్లు. మొదటి రకం వాళ్ల దగ్గర పని వేగంగా నేర్చుకుంటారు. రెండో రకం వాళ్ల దగ్గర ఎక్కువ కాలం బతుకుతారు.

మాబు గురించి ముందే చెప్పాను. పాత ఆపరేటర్. రంగస్వామి అని కొత్తవాడు కాంట్రాక్టు మీద చేరాడు. ఆలూరు అవతల ఒక పల్లె. అయ్యా, సారూ అంటూ రెండు చేతులూ కట్టుకుని మాట్లాడేవాడు. అడిగితే ఏమనుకుంటారో అనే బెరుకు. పెద్దవాళ్లు చెప్పిందే వేదం వాడికి.

ఇక లైన్‌మన్ మద్దిలేటి. బక్కపలచని మనిషి. స్తంభం ఎక్కితే కిందికి చూడకుండా మాట్లాడతాడు. ఎక్కేముందు ఎర్త్ రాడ్లు వేయనిదే కాలు పైకి పెట్టడు. ఎర్త్ రాడ్డు అంటే, తీగకు తగిలించి ఆ తీగను నేలకు కలిపే కడ్డీ. పొరపాటున కరెంటు వస్తే మనిషి మీదికి రాకుండా నేలలోకి పోతుంది. మన సీమ నేలతో ఒక చిక్కుంది. ఎండాకాలం ఎండిపోయి బండబారిన నేల కరెంటును సరిగా తీసుకోదు. అందుకని మద్దిలేటి కడ్డీ దిగ్గొట్టిన చోట నీళ్లు పోసేవాడు. నీళ్లు లేకపోతే తాను తాగే సీసాలోవే పోసేవాడు. "నాకు దప్పికైతే ఓర్చుకుంటా. నేలకు దప్పికైతే అది ఓర్చుకోదు సార్" అనేవాడు.

ఆ మధ్యాహ్నం

ముందురోజు గాలివానకు ఊరికి దూరంగా ఒక స్తంభం మీద రెండు తీగల్ని కలిపే జంపరు తెగింది. నేను, మద్దిలేటి, ఇద్దరు కూలీలు జీపులో వెళ్లాం. సబ్‌స్టేషన్ నుంచి లైను ఆపించి, మేం పని చేస్తున్నామని మాబుతో ఖాయం చేసుకుని, ఎర్త్ రాడ్లు వేసుకున్నాం. మద్దిలేటి సగం సీసా నీళ్లు కడ్డీ దగ్గర పోసి పైకెక్కాడు. దగ్గరలో ఆ లైనుకు వేరే స్విచ్చు లేదు. సబ్‌స్టేషన్‌లో మాబు చేతిలో ఉన్నదే దిక్కు.

అక్కడ జరిగింది మాకు తర్వాత తెలిసింది. వరసలో చెబుతాను.

మధ్యాహ్నం మాబు డ్యూటీ అయిపోయింది. రంగస్వామి వచ్చి బయట కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. లైను మీద మనుషులు ఉన్నప్పుడు పై అధికారికి చెప్పకుండా డ్యూటీ మారకూడదు. అది మా నియమం. మాబు ఆ నియమం ప్రకారమే ఈశ్వరరెడ్డి సారుకు ఫోన్ చేశాడు. సారు కర్నూలులో ఏదో సమావేశంలో ఉన్నాడు.

"సార్, రంగస్వామి వచ్చినాడు. చార్జి ఇచ్చేదా? మా ఊరి బస్సు పోతాది."

"ఇచ్చేయప్పా, ఇచ్చేయ్."

అంతే. ఫోన్ పెట్టేశాడు. మాబు అడిగింది డ్యూటీ చార్జి. సారు ఒప్పుకున్నదీ అదే కావచ్చు. మాబు సంచి భుజాన వేసుకుని బయటికొచ్చి, కొళాయి దగ్గరున్న రంగస్వామితో నడుస్తూనే అన్నాడు. "సారు చార్జి ఇచ్చేయమన్నాడప్పా. నేను పోతాండా."

రంగస్వామి లోపలికి పోయాడు. ఫోన్ మోగుతూనే ఉంది. కరెంటు ఎప్పుడొస్తాదని ఊళ్లవాళ్లు అడుగుతున్నారు. స్విచ్చులుండే ప్యానెల్ మీద, మనుషులు పని చేస్తున్నారన్న ఎర్ర పలక వేలాడుతోంది. కాని మా సబ్‌స్టేషన్‌లో పని అయిపోయినా ఆ పలక ఒక్కోసారి సాయంత్రం దాకా అట్లే వేలాడేది. తీసేవాడు ఉండేవాడు కాడు. అందుకని ఎవరూ దాన్ని చూసి ఆగేవారు కారు. రంగస్వామి పలక చూశాడు. సారు చార్జి ఇమ్మన్నాడు కదా, పని అయిపోయినట్టుంది, మాబన్న పలక తీయడం మరిచినట్టున్నాడు అనుకున్నాడు. పలక తీశాడు. స్విచ్చు తిప్పాడు.

నేను స్తంభం కింద తలెత్తి చూస్తున్నాను. మద్దిలేటి నాతో ఏదో చెప్పబోతున్నాడు. అంతలో పెద్ద చప్పుడు. కళ్లు మూసుకుపోయేంత వెలుగు. కళ్లు తెరిచేసరికి మద్దిలేటి నడుము బెల్టు మీద పక్కకు వాలి వేలాడుతున్నాడు. కుడిచేయి నల్లగా అయిపోయింది. తడిపిన నేల కరెంటులో ఎక్కువ భాగం లాగేసుకుంది, సబ్‌స్టేషన్ స్విచ్చు దానంతటదే పడిపోయింది. అందుకే ప్రాణం నిలిచింది. మిగిలిన కాస్త మాత్రం అతని చేతి గుండా పోయింది.

నేను సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి అరిచాను. "ఎవరప్పా చార్జి చేసింది? మనిషి పైన ఉన్నాడు!"

అవతల రంగస్వామి గొంతు సన్నగా వినిపించింది. "సారే ఇమ్మన్నాడంట సార్…" తర్వాత ఫోన్ కింద పడిన చప్పుడు.

కూలీల్లో ఒకడు తాడు తీసుకుని పైకెక్కాడు. ముగ్గురం కలిసి మద్దిలేటిని దింపాం. స్పృహ ఉంది. జీపులో నా ఒడిలో తల పెట్టుకుని కర్నూలు దాకా ఒకటే అడిగాడు. "చెయ్యి ఉండాదా సార్?" ఉంది అన్నాను. అప్పటికి ఉంది. రెండు రోజుల తర్వాత మణికట్టు పైదాకా తీసేశారు.

మేం ఆసుపత్రికి చేరేసరికి ఈశ్వరరెడ్డి సారు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. స్ట్రెచరు ఒక పక్క తనే పట్టుకున్నాడు.

విచారణ

విచారణ డివిజన్ ఆఫీసులో జరిగింది. వచ్చిన అధికారి తెలివైనవాడు, తొందరలో ఉన్నవాడు. మాబును అడిగాడు. "నేను డ్యూటీ చార్జి గురించి అన్నా సార్" అన్నాడు మాబు, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. రంగస్వామిని అడిగాడు. "నాకు లైను చార్జి అనిపిచ్చె సార్" అన్నాడు వాడు.

అధికారి నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. చార్జి ఇచ్చేయ్ అంటే మీ సబ్‌స్టేషన్‌లో ఏమిటి అర్థం?"

"రెండూ సార్" అన్నాను.

"రెండూ అంటే ఎట్లా? ఏదో ఒకటి చెప్పండి."

"ఏదో ఒకటి అయ్యుంటే మద్దిలేటికి చెయ్యి ఉండేది సార్."

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. ఆయనకు కావలసింది ఒక పేరు. కాంట్రాక్టు మనిషి రంగస్వామి తేలిక. పలక తీసింది వాడే, స్విచ్చు తిప్పింది వాడే. వాడిని తీసేస్తే ఎవరి సర్వీసుకూ మచ్చ రాదు. ఆయన ఈశ్వరరెడ్డి సారు వైపు చూసి నెమ్మదిగా అన్నాడు. "రెడ్డిగారూ, ఫోన్లో మీరు ఇచ్చేయ్ అన్నారా, చూసుకో అన్నారా? సమావేశంలో గోలగా ఉండుంటుంది. బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

గదిలో ఉన్న అందరికీ అర్థమైంది, అధికారి సారు తప్పించుకోవడానికి తలుపు తెరిచి పట్టుకున్నాడని. చూసుకో అన్నానని ఒక్క మాట చెబితే చాలు. మాబు మాటకు ఎదురు సారు మాట నిలుస్తుంది.

ఈశ్వరరెడ్డి సారు లేచి నిలబడ్డాడు. ఆయన అంత నిదానంగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

"ఇచ్చేయ్ అన్నాను సార్. దేన్ని ఇచ్చేదని అడగలేదు. లైను మీద మనుషులు ఉండారా అని అడగలేదు. మాబు మాట సగం విని జవాబు ఇచ్చినాను. ఆ పిల్లోడు నా మాట పోకూడదని స్విచ్చు తిప్పినాడు. ఆ సెక్షన్‌కు ఇన్‌చార్జిని నేను. చార్జి ఏదైనా రాసేదుంటే నా మీద రాయండి."

రాశారు. చార్జిమెమో ఇచ్చారు. ఆయనకు అందాల్సిన ఇంక్రిమెంట్లు, ప్రమోషను శానా కాలం అందలేదు. మాబుకూ శిక్ష పడింది. రంగస్వామి ఉద్యోగం నిలిచింది.

ఆయన గురించి నా తీర్పు ఇది. తప్పు చేసిన పై అధికారులను నేను శానామందిని చూశాను. తప్పు ఒప్పుకున్నవాళ్లను తక్కువ. ఒప్పుకోవడం వల్ల తనకన్నా చిన్నవాడు బతికిపోతాడని తెలిసి, అందుకోసమే ఒప్పుకున్నవాణ్ని ఈయన ఒక్కడినే చూశాను. ఆయన తొందరపాటు ఒక మనిషి చేతిని తీసింది. ఆయన నిజాయితీ ఇంకో మనిషి కూటిని నిలబెట్టింది. ఒకదానికొకటి చెల్లు అని నేను అనను. ఆయన కూడా ఏనాడూ అనలేదు. ఆ తర్వాత ఆయనకు ఫోన్ చేస్తే మనం మాట ఆపాక కూడా కాసేపు మౌనంగా ఉండేవాడు. ఇంకేమైనా ఉందేమో అని.

లేని వేళ్లు

ఆసుపత్రిలో మద్దిలేటి శానా రోజులున్నాడు. భార్య సుంకులమ్మ పక్కనే ఉండి చూసుకుంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, కాని నా మొహం చూసి మాట్లాడటానికి కొన్ని వారాలు పట్టింది. ఒకరోజు నర్సమ్మ వచ్చి, రేపు డిస్చార్జి చేస్తాం అంది. తీగను నేలకు కలిపి అందులో కరెంటు మిగలకుండా చేయడాన్ని మేం డిస్చార్జి అంటాం. మద్దిలేటి నవ్వాడు. "ఆ పొద్దు లైను బాగా డిస్చార్జి అయ్యింటే, ఈ పొద్దు మీకు ఈ పని ఉండేది కాదమ్మా" అన్నాడు. నర్సమ్మకు అర్థం కాలేదు. సుంకులమ్మకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

శాఖ అతనికి ఆఫీసులో అటెండరు పని ఇస్తామంది. వద్దన్నాడు. సబ్‌స్టేషన్‌లో కూర్చుంటానన్నాడు. స్విచ్చు తిప్పడానికి ఎడమచేయి చాలు. ఈశ్వరరెడ్డి సారు తిరిగి తిరిగి ఆ ఆర్డరు తెచ్చాడు.

చేరిన మొదటి వారమే మద్దిలేటి అడిగాడు. "రంగస్వామి యాడ సార్?"

ఉద్యోగం నిలిచినా రంగస్వామి రాలేదు. విచారణ అయిన మరుసటి రోజే ఊరికి పోయాడు. ఫోన్ చేస్తే తీయలేదు. ఇంకొకరిని పెట్టుకునే ప్రయత్నంలో ఉన్నాం.

"పోయి పిల్చుకొద్దాం" అన్నాడు మద్దిలేటి.

ఇద్దరం ఆలూరు బస్సెక్కాం. అక్కడి నుంచి ఆటోలో పల్లెకు. రంగస్వామి చేన్లో ఉన్నాడని చెప్పారు. ఎర్రమట్టి నేల. అక్కడక్కడా వేరుశనగ. వంగి కలుపు తీస్తున్నవాడు మమ్మల్ని చూసి లేచాడు. మొదట నన్ను చూశాడు. తర్వాత పక్కన మనిషిని. తర్వాత చివర ఖాళీగా ఊగుతున్న చొక్కా చేతిని. చూపు అక్కడి నుంచి తిప్పుకుని నేలకేసి పెట్టాడు.

"ఈడికెందుకొచ్చినావన్నా" అన్నాడు.

మద్దిలేటి చొక్కా చేయి పైకి మడిచాడు. "ముందు చూడు. చూసినాక మాట్లాడదాం."

"నేను చూడలేను."

"నేను రోజూ చూస్తాండా కదప్పా. నువ్వొక్కసారి చూడు."

రంగస్వామి చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. గాలికి ఎర్రదుమ్ము మా మధ్య నుంచి పోతోంది. చివరికి అడిగాడు. "నొస్తాదా?"

"చలికి నొస్తాది. ఉండేది కాదు, లేని వేళ్లు గుంజుతాయి. విచిత్రం."

రంగస్వామి చేన్లోనే కూలబడ్డాడు. "ఒగ మాట తిరిగి అడిగింటే అయిపోయేదన్నా. ఏ చార్జి మాబన్నా అని. ఒగ్గ మాట. అడిగితే ఏమీ తెలీనోడు అనుకుంటారని అడగలేదు."

మద్దిలేటి అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "నువ్వు అడగలేదు. మాబు ఇప్పి చెప్పలేదు. సారు పూరా వినలేదు. ముగ్గురి తప్పూ నువ్వొక్కడివే మోసుకుని ఈడికొస్తే మిగిలినోళ్లు ఏం మోయాల?"

"నేను ఇంగ ఆ స్విచ్చు ముట్టలేనన్నా. కల్లో కూడా భయమైతాది."

"అందుకే వచ్చినా" అన్నాడు మద్దిలేటి. "నేను ఇప్పుడు ఆపరేటర్ని. నా తర్వాత డ్యూటీకి మనిషి కావాల. నాకు తెల్సినోళ్లలో ఆ స్విచ్చంటే నిజంగా భయపడేది నువ్వొక్కడివే. భయం లేనోడు వచ్చి ఆడ కూచుంటే ఇంగొకని చెయ్యి పోతాది."

రంగస్వామి ఆ రోజు మాతో రాలేదు. సరే అనీ అనలేదు. వచ్చేటప్పుడు బస్సు ఆగే రోడ్డు దాకా నడిచి వచ్చి, ఏమనుకున్నాడో, ఇద్దరికీ బస్సు చార్జీ తనే ఇస్తానన్నాడు. మద్దిలేటి వద్దనలేదు. ఎందుకు వద్దనలేదని తర్వాత అడిగాను. "ఇచ్చేదానికి వానికి ఏదో ఒగటి ఉండాల కదా సార్" అన్నాడు.

పది పదిహేను రోజుల తర్వాత రంగస్వామి సంచి పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆ మాట మానేశాం

అప్పటి నుంచి మా కంట్రోల్ రూంలో చార్జి అనే మాట మానేశాం. ఎవరూ ఆర్డరు వేయలేదు. మద్దిలేటి మొదలుపెట్టాడు, మేం అందుకున్నాం. డ్యూటీ మారితే "డ్యూటీ అప్పగిస్తున్నా" అనాలి. తీసుకునేవాడు "ఏయే లైన్ల మీద మనుషులున్నారు" అని అడిగి, విన్నది తిరిగి చెప్పాలి. లైను ఇచ్చేటప్పుడు "కరెంటు వదుల్తున్నా" అనాలి. గేటు దగ్గర రాయి మీద కూర్చున్న ఆ పెద్దాయన చెప్పింది ఇదే. మేం వినడానికి ఒక చెయ్యి ఖర్చయింది.

తర్వాత నేను కడప వైపు బదిలీ మీద పోయినప్పుడు అక్కడా ఇదే పెట్టాను. ఆపరేటర్లు విసుక్కున్నారు. ఇంత కథెందుకు సార్, మాకు తెలీదా అన్నారు. తెలుసు. అందరికీ అంతా తెలుసు. ప్రమాదాలు తెలియని వాళ్ల వల్ల కంటే, ఎదుటివాడికి కూడా తెలిసే ఉంటుందనుకునే వాళ్ల వల్ల ఎక్కువ జరుగుతాయి. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. అడగడానికి సిగ్గుపడకండి. మీ కింద పనిచేసేవాడు మిమ్మల్ని రెండోసారి అడిగితే వాడి మీద విసుక్కోకండి. ఆ రెండో ప్రశ్న దగ్గరే మనుషులు బతికేది.

ఇక రంగస్వామి సంగతి. వచ్చిన కొత్తలో మద్దిలేటి పక్కన కూర్చునేవాడే కాని స్విచ్చు ముట్టేవాడు కాదు. ఒక మధ్యాహ్నం నేను ఇద్దరు లైన్‌మన్లతో ఒక లైను మీద పని చేయించి, పని అయ్యాక సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాను. మద్దిలేటి తీస్తాడనుకున్నాను. రంగస్వామి తీశాడు.

"రంగస్వామీ, పని అయిపోయింది. అందరూ దిగారు. ఎర్త్ రాడ్లు తీసేశాం. కరెంటు వదులు."

"పైకెక్కినోళ్లు ఎవరెవరు సార్?"

"సోమన్న, బజారి."

"వాళ్ల గొంతు వినపడాల సార్."

నేను ఫోన్ సోమన్నకు ఇచ్చాను. ఆకలి మీదున్నాడేమో, అతనికి కోపం వచ్చింది. "గొంతు వినేదానికి నేనేమన్నా పాటలు పాడేవాన్నా?" అన్నాడు నాతో. అయినా ఫోన్ చెవికి పెట్టుకుని, "సోమన్నను. దిగినా. కిందనే నిలబడినా. సాలునా?" అన్నాడు. "సాలన్నా. బజారన్నకు ఇయ్యి" అని వినిపించింది. బజారి కూడా తన పేరు చెప్పి ఫోన్ నాకు ఇచ్చాడు.

"ఇక వదులు" అన్నాను.

"మీరు సార్?"

"నేను స్తంభం ఎక్కలేదు కదప్పా. నీతో మాట్లాడేది నేనే కదా."

"అయినా చెప్పండి సార్. పేరు చెప్పి, దూరంగా ఉండానని చెప్పండి."

సోమన్న, బజారి నన్నే చూస్తున్నారు. నేను నా పేరు చెప్పాను. తీగకు దూరంగా ఉన్నానని చెప్పాను.

ఫోన్లో రంగస్వామి ఊపిరి వినిపిస్తోంది. తర్వాత రంగస్వామి, ఒక్కో అక్షరం విడదీసినట్టు అన్నాడు. "ఇద్దరూ దిగినారు. ముగ్గురూ దూరంగా ఉండారు. కరెంటు వదుల్తాండా."

మాకు కాస్త దూరంలో ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది. పక్క చేన్లో ఒక బోరు మోటారు దానంతటదే అందుకుంది. గొట్టంలో ముందు గాలి బుసకొట్టింది. తర్వాత నీళ్లు పడ్డాయి.